అప్పన్న బాబాయి సంతకం పెట్టని పిస్టల్

ఈ ఉదయం ఎవరిదో కొత్త పిస్టల్ తనిఖీకి వచ్చింది. ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని ట్రిగ్గర్ మీద వేలు వేశాను. ఇసుక పడ్డ గచ్చు మీద పీట జరిపినట్టు గరగరమంది. ఆ గరుకు వేలికి తగలగానే అప్పన్న బాబాయి గుర్తొచ్చాడు. తనిఖీ బల్ల దగ్గర నేనిప్పుడు కూర్చునే కుర్చీ ఒకప్పుడు ఆయనది.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. శ్రీకాకుళం వైపు మనిషి. ఉద్యోగమంతా తుపాకులు బాగుచేయడంలోనే గడిపి, రిటైరయ్యాక ఇక్కడ జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్‌లో ఇల్లు కట్టుకుని, మా షూటింగ్ క్లబ్బులో ఆయుధాలు చూసేవాడు. ఆయన సంతకం లేనిదే ఏ పిస్టలూ పోటీకి వెళ్ళేది కాదు. మాదీ ఆ వైపేనని తెలిసిన రోజు నుంచి నన్ను "అమ్మీ" అనేవాడు. మాట తక్కువ, టీ ఎక్కువ.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. రాష్ట్ర జట్టులో చోటు దొరికితే క్రీడల కోటాలో టాటానగర్‌లో రైల్వే ఉద్యోగం వచ్చే అవకాశం ఉంది. ఇంటిల్లిపాదీ దాని మీదే ఆశ పెట్టుకున్నారు. ఎంపిక పోటీ మూడు వారాలుందనగా నా కొత్త పిస్టల్ వచ్చింది. ట్రిగ్గర్ ఒకటే గరగర. బాబాయి దాన్ని విప్పి, లోపలి జిడ్డంతా కడిగి, చుక్క నూనె వేసి తిరిగిచ్చాడు.

"మరి ఈ గరుకు?" అన్నాను.

"డమ్మీ గుండు ఎట్టి రోజుకి రెండొందలసార్లు నొక్కు. దానంతటదే నున్నబడతాది. లోపలి ముక్కల్ని మాత్రం ముట్టుకోకు, సమ్ఝీ?"

"మూడు వారాల్లో అవుతాదా బాబాయ్?"

"నీ పోటీ ఎప్పుడో దానికేటి తెలుత్తాది."

నేను పక్కనున్న గమ్హరియాలో లేత్ మిషన్ మీద పనిచేసే మనిషి కూతుర్ని. మా ఇంట్లో తలుపు బిగుసుకున్నా, కత్తెర మొండికేసినా ముందు బయటికొచ్చేది ఇనుము నున్నగా రుద్దే నాన్న ఎమెరీ కాగితమే. రుద్దకూడని ఇనుము కూడా ఉంటుందని మాకెవరికీ తెలియదు. వారం రోజులు ఓపిక పట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న పనిముట్ల పెట్టె తీశాను. లోపలి ముక్కలు మెరిసేదాకా రుద్దాను. ట్రిగ్గర్ వెన్నలా కదిలింది. నా అంత తెలివైనది జంషెడ్‌పూర్‌లో లేదనుకున్నాను.

పోటీ ముందురోజు తనిఖీ. బాబాయి ఖాళీ పిస్టల్‌ని కాక్ చేసి, అంటే పేలడానికి సిద్ధంగా బిగించి, పిడిని అరచేత్తో ఒక్కటి తట్టాడు. ట్రిగ్గర్ ముట్టుకోకుండానే టక్కుమంది. మళ్ళీ తట్టాడు, మళ్ళీ అంతే. నేను రుద్ది అరగదీసిన ముక్కకి పట్టు పోయింది. లోపల గుండు ఉండుంటే పేలిపోయేదే.

"ఎవులు రుద్దేరమ్మీ?"

"పతా నహీ, నాకేం తెలీదు. వచ్చినప్పుడే అలాగుంది," అన్నాను. అబద్ధం ఆడాల్సి వస్తే నాకు హిందీయే ముందొస్తుంది.

ఆయన సంతకం పెట్టలేదు. క్లబ్బు పిస్టళ్ళన్నీ అప్పటికే వేరేవాళ్ళకి ఇచ్చేశారు. జాబితాలో నా పేరు కొట్టేశారు. "మీ కూతురైతే ఇలాగే చేస్తారా?" అని అరిచి వచ్చేశాను. ఇంట్లో అమ్మ కూడా నాతో కలిసి ఆయన్ని తిట్టింది. అది నాకు ఇంకా కష్టంగా ఉండింది.

నాలుగో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. నిలబడే చెప్పేశాను. "నేనే రుద్దాను బాబాయ్. నాన్న ఎమెరీతో."

ఆయన చేట నా వైపు జరిపాడు. "కూకో." కాసేపు ఇద్దరం ఈనెలు తీశాం.

"సెప్పడానికి ఎన్ని రోజులు పట్టింది?"

"నాలుగు."

"నాకు పదకొండేళ్ళు పట్టిందమ్మీ. ఉద్యోగం కొత్తలో నానూ ఇలాగే ఒకటి రుద్దీసేను. అది పేలి మావోడొకడి పాదం పోయింది. ఆడే సరిగ్గా పట్టుకోలేదని విచారణలో రాసీసేరు. నాను పక్కనే ఉండి ఊరుకున్నాను. పదకొండేళ్ళకి ఆడింటికెల్లి సెప్పేను."

"ఏమన్నాడు?"

"ఏటంతాడు. టీ ఇచ్చేడు."

కొత్త ముక్క తెప్పించి ఆయనే వేశాడు. మరుసటి ఏడు సంతకమూ పెట్టాడు. నేను జట్టులోకి రాలేదు, ఆ ఉద్యోగమూ రాలేదు. దానికి ఏడ్చాను గానీ ఆయన మీద కోపం మాత్రం మళ్ళీ రాలేదు.

ఈ కుర్చీలో కూర్చున్నాక నాతో అబద్ధమాడినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ పిస్టళ్ళకి సంతకం పెట్టను, వాళ్ళ మీద కోప్పడనూ లేను. పదకొండేళ్ళు దాచుకున్న తన తప్పు నా ముందు పెట్టి, నా నాలుగు రోజుల సిగ్గుని ఆ మనిషి చిన్నది చేశాడు. ఆయనంటే నాకెంత ఇష్టమో ఆయన బతికుండగా ఒక్కసారీ చెప్పలేదు. ఆ సంగతిలో ఆయనకంటే నేనే ఆలస్యం.