గాలిసంచి

ఊరి చివర ప్రైవేటు విమానాల మైదానంలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడాయన. పొద్దున్నే రన్‌వే పొడుగునా నడిచి రాళ్లేరడం, గడ్డి కత్తిరించడం, స్తంభం మీది గాలిసంచి చిరిగితే కొత్తది కట్టడం. గాలి ఎటు వీస్తోందో ఆ నారింజరంగు సంచి చూసే పైలట్లు తెలుసుకుంటారు. దాని పుణ్యమా అని ఊరంతా ఆయన్ని ‘గాలోడు’ అనేది. ఒళ్లొంచి పనిచేసే మనిషికి అంతకంటే తగని పేరు ఉండదు. ఆయన మాత్రం నవ్వి ఊరుకునేవాడు.

యజమాని పోయాక వారసులు మైదానాన్ని ఒక రైతుకు అమ్మేశారు. సిమెంటు రన్‌వే అయితే తవ్వలేక నానా తంటాలూ పడేవాళ్లు. ఇది ఉత్త పచ్చిక. రెండు రోజుల్లో ట్రాక్టరుతో దున్నిపారేసి గోధుమ చల్లారు. ఇన్నేళ్లు రాళ్లేరిన నేల మీదే ఆయన పైరుకు నీళ్లు పెట్టే కూలీ అయ్యాడు.

మైదానం మూసేస్తే గాలిసంచి దించెయ్యాలి. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు, మనసొప్పలేదంతే. మందు కొట్టేటప్పుడు గాలివాటం తెలుస్తుందని రైతు కూడా ఉండనిమ్మన్నాడు. ఆయనకు కావలసిన వంక దొరికింది.

ఆ సంచులు కుట్టేది భార్యే. ఆ ఏడాదీ కొత్తది కుట్టమంటే మిషను మీంచి చెయ్యి తీసేసింది.

“విమానాలే రాని చోట ఇదెందుకయ్యా? ఎవరైనా చూసి దిగితే?”

“పైరులో ఎవరు దిగుతారే? నీదంతా చాదస్తం!”

సణుక్కుంటూనే కుట్టి ఇచ్చింది.

గోధుమ జానెడు ఎదిగింది. నీళ్లు పెట్టిన మర్నాడు మధ్యాహ్నం ఒక చిన్న విమానం, ఇంజను చప్పుడే లేకుండా వచ్చింది. పైనుంచి చూస్తే పైరూ పచ్చికా ఒకటే. విమానం సంచి మీదుగా సగం చుట్టు తిరిగి, గాలికి ఎదురుగా, పద్ధతి ప్రకారం కిందికి వాలింది. “వద్దు, వద్దు” అని చేతులూపుతూ ఆయన పరుగెత్తాడు. చక్రాలు బురదలో దిగబడి, విమానం ముక్కు మీద లేచి తిరగబడింది.

లోపల ఆయన కూతురి ఈడు మనిషి, బెల్టుకు తలకిందులుగా వేలాడుతోంది.

“ఇంజను ఆగిపోయింది పెద్దాయనా. సంచి కనపడగానే బతికిపోయాననుకున్నా. గాలికి ఎదురుగానే దిగాగా?”

“సరిగ్గానే దిగావమ్మా” అన్నాడు.

అంబులెన్సు వచ్చేలోపే ఆమె ప్రాణం పోయింది.

“ఆవిడ దగ్గరున్నది పాత మ్యాపు. కొత్తదాంట్లో మూసేసినట్టే ఉంది. నీ తప్పేం లేదులే” అన్నాడు విచారణకొచ్చిన అధికారి. ఆ మాట ఆయన చెవికెక్కలేదు. స్తంభమెక్కి సంచి దించి, చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

‘నేను చెప్పలేదూ’ అంటుందని గుమ్మంలోనే నిలబడ్డాడు. భార్య లేచి సంచి అందుకుంది. మళ్లీ మిషను ముందు కూర్చుని, తన చేత్తో వేసిన కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. ఆ ఒక్క మాటా అనేస్తే బాగుండునని ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.