నాయిన చల్లిన పసుపు నీళ్ళు

మొన్న దసరాకు సూర్యాపేటలో మా ఇంటెదురు రక్తపరీక్షల సెంటర్‌లో కొత్త మిషన్‌కు బంతిపూల దండ వేసి, పసుపు నీళ్ళు చల్లబోతుంటే, నోరు ఊరుకోక, లోపల మాత్రం చల్లకండని అనేశాను. ఆ సెంటర్‌లో పనిచేసే పిల్లలు నన్ను దేవుడంటే గిట్టని మనిషనుకున్నారు. అనుకోనీ. కనిపించిన ప్రతివాళ్ళకూ కథ విప్పే ఓపిక నాకు లేదు. మీరు నా ఈడువాళ్ళు కనుక చెబుతున్నాను.

రాష్ట్రం ఇంకా విడిపోని రోజుల్లో నేను కోదాడ దగ్గర ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతూ పిహెచ్‌డి చేసేదాన్ని. మిర్యాలగూడ రైసుమిల్లులో గుమస్తాగా ఉన్న మా నాయిన సంచిలో మోసుకొచ్చిన తవుడుకు పట్టిన ఒక ఆకుపచ్చ బూజే నా పరిశోధన. దాన్నుంచి వచ్చే ఎంజైమ్ వాడితే ఒక మందు తయారీలో ఘాటు రసాయనాల అవసరం సగానికి సగం తప్పుతుందని నా వాదన. మందుల ఫ్యాక్టరీల వెనక వాగుల వాసన ఎరిగినవాళ్ళకు అదెంత మాటో చెప్పక్కర్లేదు గానీ, మా కాలేజీలో నన్ను బూజు మేడమ్ అని నవ్వేవాళ్ళు, ముఖ్యంగా నవ్వడం తప్ప వేరే పని లేని మగ లెక్చరర్లు. నవ్వనివాడు నాయిన ఒక్కడే. ఫోన్ చేస్తే క్షేమం కంటే ముందు, "ఏం బిడ్డా, నీ బూజు పెరిగిందా?" అని అడిగేవాడు.

ఆ ఏడు కరెంటు కోతలకు ఫ్రిజ్‌లో దాచిన మూలపు బూజు చచ్చిపోయింది. బతికున్నదంతా తడిగుడ్డ కప్పిన తవుడు పళ్ళాల్లోనే. ఆయుధపూజ నాడు నాయిన పూలు పట్టుకుని మిర్యాలగూడ నుంచి బస్సులో వచ్చాడు. ఆయన్ను ల్యాబ్‌లో కూర్చోబెట్టి, జనరేటర్‌కు డీజిలు పోయించమని ప్రిన్సిపాల్‌తో కొట్లాడడానికి వెళ్ళాను. గెలిచే వచ్చాను కూడా. వచ్చేసరికి నాయిన ఒక్కో గుడ్డా ఎత్తి, పళ్ళాలన్నిటిమీదా మామిడాకుతో పసుపు నీళ్ళు చల్లడం పూర్తిచేసి, చేతులు జోడించి నిలబడ్డాడు. మిల్లులో ఆ రోజు మిషన్లతో పాటు తవుడు కుప్పమీదా చల్లడం వాళ్ళ ఆనవాయితీ.

"మిల్లుకు చేస్తం, నీ సదువుకు చెయ్యకుంటే ఎట్ల బిడ్డా?" అన్నాడు.

పుండుకు పసుపు ఎందుకద్దుతామో తెలిసినవాళ్ళకు, పసుపు బూజునేం చేస్తుందో వేరే చెప్పాలా? నోరు గల మనిషినని ఊరంతా పేరుపడ్డ నేను, ఆ వేళ నాయిన పక్కన నిలబడి చేతులు జోడించాను.

సెలవులు అయ్యేసరికి పళ్ళాలు కుళ్ళి కంపు కొట్టాయి. ఆ బూజునే మళ్ళీ పట్టుకుందామని మిల్లుకు పోతే, కొత్త మిషన్లు వచ్చి, తవుడు కుప్పపడకుండానే నూనె ఫ్యాక్టరీ లారీల్లోకి పోతోంది. నేరేడుచర్ల మిల్లులూ తిరిగాను. రకరకాల బూజులు దొరికాయి, అది దొరకలేదు. పిహెచ్‌డి అక్కడితో ఖతం. నాయిన మాత్రం పోయేదాకా ఫోన్‌లో అదే అడిగాడు. పెరుగుతోంది నాయినా అని నేనూ అదే చెప్పాను.

ఇప్పుడు ల్యాబుల్లో కరెంటు పోదట, బూజులు సీలు వేసిన సీసాల్లో కొరియర్లో వస్తాయట. మంచిదే. పండగపూట నాకూ ఫోన్లు వస్తూనే ఉంటాయి. మోకాళ్ళ నొప్పులెట్లున్నాయని, షుగర్ ఎంతుందని అందరూ అడుగుతారు. బూజు సంగతి ఎవరూ అడగరు.