వానకరెంటుతో ఎండ

పలాసలో అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా, మా వాడుకలో ఏడీఈగా, నేను ఛార్జి తీసుకున్నది పెద్ద తుఫాను వచ్చి వెళ్ళిన మూడో ఏడు, జూన్ నెలాఖరున. సర్వీసు ఇంకా రెండేళ్ళే మిగిలి ఉంది. పడిపోయిన స్తంభాల చోట కొత్తవి లేచాయి గాని, ఉద్దానం కొబ్బరితోటల్లో తలలు తెగిన చెట్లు అక్కడక్కడా అలాగే నిలబడి ఉండేవి. ఛార్జి అప్పగించి వెళ్తున్న మిత్రుడు నా చేతికి ఒక కొత్త ఫైలిచ్చి, ఇది మీ అదృష్టమో దురదృష్టమో నాకు తెలీదు అన్నాడు.

ఆ ఫైలు జలవిద్యుత్తుది. సరిహద్దు అవతలి కొండల్లో గట్టిగా వానలు పడితే జలాశయాలు నిండిపోతాయి. నిండాక ఆ నీటికి రెండే దారులు. టర్బైన్లలోంచి దిగడం, లేకపోతే గేట్ల మీంచి ఊరికే పోవడం. బొగ్గు కొనే పని లేని కరెంటు కాబట్టి ఆ రోజుల్లో పొరుగు రాష్ట్రం దాన్ని చవగ్గా అమ్ముతుంది. మామూలుగా అయితే అలా తెచ్చిన కరెంటు మిగతా కరెంటుతో కలిసిపోతుంది, ఆ చవకదనం అందరి బిల్లుల్లోకీ చెదిరిపోయి కంటికి కనపడకుండా పోతుంది. ఆ ఏడు మాత్రం ఒక్క వానాకాలానికి ప్రయోగం పెట్టారు. పలాస జీడిపప్పు పరిశ్రమల లైనుకూ, బారువ వైపు తీరం లైనుకూ పగటివేళ ఆ కరెంటును రాయితీ ధరకు ఇవ్వాలి. ఇలా సబ్‌స్టేషన్ నుంచి ఒక ప్రాంతానికి వెళ్ళే లైనును ఫీడరు అంటాం.

చవక వెనక ఒక చిక్కుంది. రోజును పావుగంట చొప్పున తొంభై ఆరు ముక్కలు చేసి, రేపు ఏ ముక్కలో ఎంత కరెంటు తీసుకుంటామో ఇవాళ ఉదయం పదింటికల్లా రాసి పంపాలి. అదే షెడ్యూలు. రాసినంతా వాడినా వాడకపోయినా ధర చెల్లించాల్సిందే. ఎక్కువ రాసి తక్కువ వాడామా, చవక కరెంటు బొగ్గు కరెంటు కన్నా ఖరీదై కూర్చుంటుంది.

నాకు పగటికలలు కనే అలవాటు చిన్నప్పటినుంచీ ఉంది. సర్వీసులో అది తగ్గలేదు సరికదా, చోటు దొరికింది. సబ్‌స్టేషన్ యార్డులో ట్రాన్స్‌ఫార్మర్ చేసే సన్నని హోరు వింటూ నిలబడితే నాకు ఎక్కడో అడవిమీద పడుతున్న వాన కనిపించేది. ఆ నీరు గొట్టాల్లోంచి దూకి, చక్రం తిప్పి, తీగెలెక్కి, జీడితోటల మీదుగా, కొబ్బరాకుల మీదుగా మా దాకా నడిచి వస్తున్నట్టుండేది. మా లైన్ ఇన్‌స్పెక్టరు జోగారావు కంచిలి మనిషి. నన్ను ఆ స్థితిలో చూసినప్పుడల్లా పక్కవాళ్ళతో, సారు కొండలమీదికి ఎల్లిపోనారు, ఇప్పుడే దిగరు అనేవాడు. నేను వినీ విననట్టు ఉండేవాణ్ణి.

పలాసలో ప్రయోగం చక్కగా సాగింది. జీడిపప్పు ఆరబెట్టే గదులకు వానైనా ఒకటే, ఎండైనా ఒకటే. తీరం ఫీడరు మీద నా ఆశంతా ఐసు ఫ్యాక్టరీల మీద పెట్టుకున్నాను. ఐసు దిమ్మలు గడ్డకట్టే ఉప్పునీటి తొట్టి ఒకసారి చల్లబడితే చాలాసేపు చల్లగానే ఉంటుంది. అంటే చవకగా ఉన్న పగటివేళ కంప్రెసర్లు నడిపి, ఖరీదైన సాయంత్రం ఆపుకోవచ్చు. కాగితం మీద ఇంత అందమైన పథకం నా సర్వీసులో నేను వెయ్యలేదు. కొండల్లో వాన గట్టిగా ఉందని తెలిసిన ప్రతిరోజూ ఐసు ఫ్యాక్టరీల పేరున షెడ్యూలు నిండుగా రాసి పంపాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫీడరు వాడకం పడిపోయేది. మూడుసార్లు అలా జరిగాక, పై అధికారి అయిన డివిజనల్ ఇంజనీరు నుంచి ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా వాడకం షెడ్యూలుకు దగ్గరగా రాకపోతే తీరం ఫీడరును ప్రయోగం నుంచి తీసేస్తామని దాని సారాంశం. మీటర్లు తనిఖీ చేయించాను, లైను వెంట మనుషుల్ని నడిపించి చూశాను. తప్పెక్కడుందో దొరకలేదు.

చివరికి జోగారావును వెంటబెట్టుకుని బారువకు దగ్గర్లోని ఒక మత్స్యకారుల పల్లెకు వెళ్ళాను. వాన అప్పుడే వెలిసింది. ఐసు ఫ్యాక్టరీ తలుపులు వేసి ఉన్నాయి. తెప్పలన్నీ ఒడ్డునే బోర్లా పడుకున్నాయి. ఇసుక మీద ఒక పెద్దావిడ ముద్దగా తడిసిన చేపల్ని గంపలోకి ఎత్తుతోంది. వాసన భరించేలా లేదు. ఆవిడ పేరు ఎర్రమ్మ అనీ, ఎండుచేపల వ్యాపారం చేసే ఆడవాళ్ళ సంఘానికి పెద్ద అనీ జోగారావు చెప్పాడు. కొండల్లో వానలు పడ్డ రోజుల్లో ఐసు ఎందుకు చెయ్యడం లేదని ఆవిణ్ణి అడిగాను.

ఆవిడ నడుం నిలబెట్టి నావైపు తిరిగింది.

"కొండలమీద అంత వానైతే ఈ సంద్రం ఊరుకుంటాదేటి బాబూ? ఆ దినాలు తెప్పలే దిగవు. ఐసెవులికి?"

నాకు సిగ్గేసింది. కొండల మీద వాన కురిపించే వాయుగుండమే కింద సముద్రాన్నీ రేపుతుంది. స్కూలు పిల్లలకు తెలిసిన విషయం. నా కలలో వాన కొండమీద పడింది, తీగెలు తోటలు దాటాయి, సముద్రం దగ్గరికి వచ్చేసరికి కల ఆగిపోయింది.

ఆవిడ చెప్పింది ఇంకా ఉంది. ముసురుకు ముందు రోజు తెచ్చిన కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్నచేపల్ని ఇసుక మీద ఆరబోస్తారు. మర్నాడు వాన పట్టుకుంటే మొత్తం పురుగుపడుతుంది. రెండేళ్ళుగా అలాగే పోయిందట. రొయ్యల కంపెనీ బస్సు రోజూ పొద్దున్నే పల్లెకు వచ్చి కూలికి ఆడవాళ్ళను ఎక్కించుకుపోతోంది. సంఘంలో సగంమంది అప్పటికే ఆ బస్సెక్కేశారు.

"ఈ సరుకూ పోతే వచ్చీ నెలకాడ్నుంచి నానూ ఆ బస్సెక్కీడమే. మాకు కావలిసింది ఐసు కాదు బాబూ, ఎండ. నీ వానకరెంటుతో ఎండ సెయ్యగలవేటి?"

వెక్కిరింపుగానే అంది. పక్కనున్న ఇద్దరాడవాళ్ళు నవ్వారు. నేను చుట్టూ చూస్తుంటే, సరుగుడు చెట్ల పక్కన ఒక రేకుల గది, దాని తలుపుకు తాళం కనిపించాయి. అదేమిటని అడిగాను. తుఫాను తరవాత తీరం పల్లెలన్నిటికీ ఇచ్చిన యంత్రపు గదట. లోపల హీటర్లు, ఫ్యాన్లు, చేపలు పరిచే వలల చట్రాలు ఉన్నాయి. మొదటి నెల బిల్లు చూసి భయపడి తాళం వేశారు. తాళంచెవి ఎర్రమ్మ కొంగుముడిలోనే ఉంది. పల్లెపల్లెకూ అలాంటి గది, ప్రతి గదికీ అలాంటి తాళం ఉన్నాయని జోగారావు అన్నాడు.

ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. ఎండబెట్టే గదులను కూడా రాయితీ జాబితాలో చేర్చితే, సముద్రం నెమ్మదిగా ఉన్న రోజు ఐసు ఫ్యాక్టరీలు, ముసురు రోజు ఈ గదులు ఫీడరును నింపుతాయని వివరించాను. వారం తరవాత అనుమతి వచ్చింది, గడువు మాత్రం మారలేదు. రెండింటి వాడకమూ ఒకటి కాదు, ఏ రోజు దేని పేరున రాస్తే దానికే రాయితీ. ఇక నాకు కావలసింది రేపు తెప్పలు దిగుతాయో లేదో ముందురోజే తెలియడం. ఆ పని ఎర్రమ్మ ఒప్పుకుంది, మిగతా పల్లెలకూ తనే కబురు పెడతానంది. రోజూ తొమ్మిదింటికి ఫోను చేసి రెండు మాటల్లో ఒకటి చెప్పేది: రేపు ఐసు, లేదా రేపు ఎండగది. ఆ పేరు ఆడవాళ్ళే పెట్టుకున్నారు.

గడువుకు నాలుగు రోజులుందనగా పరీక్ష ఎదురైంది. ఆ పొద్దున తెప్పలు కవళ్ళతో మునిగేంత బరువుతో వచ్చాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. వాతావరణ సూచన కూడా మర్నాడు పొడిగా ఉంటుందనే చెప్పింది. తొమ్మిదింటికి ఫోను మోగింది.

"నీటి లాగుడు తిరిగిపోనాది బాబూ, రేపు మద్దేనానికి ముసురు పట్టీసుద్ది. రేపు ఎండగది. సరుకంతా ఉప్పేసి తీసుకెల్లి గదిలో ఎట్టీమన్నాను. ఒక్క సేపకూడా ఇసక మీద నేదు."

సూచన పొడి అంటోందని చెప్పాను. ఆవిడ మాట మార్చలేదు. గదిలో పెట్టిన చేపకు మర్నాడు రాయితీ కరెంటు అందకపోతే లోపలే కుళ్ళుతుంది. నేను ఐసుకు రాస్తే ఆవిడ వ్యాపారం పోతుంది, ఎండగదికి రాసి ముసురు పట్టకపోతే ఐసు వాడకం తోడై ఫీడరు లెక్క తప్పి ప్రయోగం పోతుంది. పది కావడానికి కొద్ది నిమిషాలుందనగా మర్నాడు మధ్యాహ్నం నుంచి తీరమంతా ఎండగదులకే రాసి పంపాను. డివిజనల్ ఇంజనీరు ఫోను చేసి, ఏ ఆధారంతో రాశారని అడిగారు. చెప్పాను. మేం చదివిన ఇంజనీరింగులో ఎర్రమ్మ అనే సబ్జెక్టు లేదే అన్నారాయన.

మర్నాడు పదకొండు దాకా ఎండ కాస్తూనే ఉంది. నేను కంట్రోల్ రూములో తీరం ఫీడరు మీటరు ముల్లు ముందు కుర్చీ వేసుకు కూర్చున్నాను. భయమేసింది, ఆ వయసులో అంత భయం నేను ఊహించలేదు. పదకొండున్నరకు కిటికీ తలుపు ఒకటి టప్పున కొట్టుకుంది. గాలి దక్షిణానికి తిరిగింది. మరి కాసేపటికి వాన మొదలైంది, యార్డులో కంకర రాళ్ళు నల్లబడ్డాయి. పల్లెపల్లెలోనూ గదుల్లో హీటర్లు ఒకటొకటిగా వేసినట్టున్నారు, ముల్లు మెల్లమెల్లగా పైకి లేస్తూ నేను రాసిన అంకె దగ్గరకు వచ్చి అక్కడ వణుకుతూ నిలబడింది. జోగారావు నా వెనకనుంచి చూసి టీ తెప్పించాడు.

మధ్యాహ్నం ఆ వానలోనే పల్లెకు వెళ్ళాను. ఎర్రమ్మ గది తలుపు కొంచెం తెరిచి, చెయ్యి లోపల పెట్టి చూడమంది. బయట సముద్రం కనపడనంత వాన. లోపల నా చేతిమీద వైశాఖమాసపు ఎండ. వరసల్లో పరుచుకున్న కవళ్ళు వెండిరంగులో ఆరుతున్నాయి. కొండమీద పడ్డ వానే ఇక్కడ ఈ గదిలో వేడిగా నిలబడి ఉందనుకుంటే, కల కంటున్నానో మెలకువగా ఉన్నానో నాకే తేడా తెలియలేదు. ఎంతసేపలా నిలబడ్డానో, వేడి పోతోంది, తలుపెయ్యి బాబూ అని ఎర్రమ్మ మందలించాక చెయ్యి తీశాను.

నెలాఖరుకు వాడకం షెడ్యూలుకు తగినంత దగ్గరగా వచ్చింది. ప్రయోగం సీజను చివరిదాకా సాగింది. ఎర్రమ్మ బస్సెక్కలేదు. మరుసటి ఏడు రాయితీని కొనసాగించలేదు. కొండల కరెంటు మళ్ళీ అందరి కరెంటులో కలిసిపోయింది, అందరి ధరా కొద్దిగా తగ్గింది, ఎవరూ గమనించలేదు. ముసురులో ఆరిన చేపకు సంతల్లో మంచి ధర రావడంతో ఆడవాళ్ళు మామూలు రేటుకే గదులు నడుపుకున్నారు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది చిన్న విషయం. చవక కరెంటు కొన్నచోట చవక కాదు, వాడినచోట చవక అవుతుంది. రేపు ఎవరికి దానితో పని ఉంటుందో కొనేముందే తెలుసుకోవాలి, తెలియకపోతే తెలిసినవాళ్ళను అడగాలి. రిటైరైన రోజు ఛార్జి అప్పగించే కాగితంలో, తీరం ఫీడరు షెడ్యూలు రాసేముందు ఉదయం తొమ్మిదింటికి సంప్రదించవలెను అని రాసి, కింద ఎర్రమ్మ ఫోను నంబరు వేశాను. నా సర్వీసులో నేనిచ్చిన సాంకేతిక సూచనల్లో ఇంకా అమలవుతున్నది అదొక్కటేనని జోగారావు చెబుతూంటాడు.