కొల్లేటి లంక మీద అటుకుల బస్తాలు

పందొమ్మిది వందల ముప్ఫైల మధ్యలో ఒక ఆశ్వయుజ మాసం. జనాన్ని ఎక్కించుకుని ఊరి మీద ఒక చుట్టు తిప్పి దించే విమానం ఒకటి ఏలూరు వచ్చి, చింతలపూడి దారిలో ఎర్రమట్టి మెరక మీద దిగింది. నేను దాని లోడర్ని. అంటే, లోపల ఏ బరువు ఎక్కడ ఉండాలో తేల్చేవాణ్ణి. ఆ పని మద్రాసులో నేర్చుకున్నాను. మా పైలట్ ఒక పార్సీ ఆయన. గాలిలో ఆయన మాటే మాట. కానీ బరువు దగ్గర నేను సరేననే వరకు ఆయన ఇంజన్ ముట్టుకునేవారు కాదు.

మేం వచ్చిన కొద్ది రోజులకే ముసురు పట్టింది. తమ్మిలేరు పొంగి కొల్లేట్లో పడింది. లంకల్లో ఊళ్లు నీళ్ల మధ్య చిక్కుకుపోయాయి. ఆ వరద ఉరవడిలో దోనెలు వెళ్లలేకపోయాయి. వాన తెరిపి ఇచ్చిన ఉదయం, బజారులో వర్తకులు అటుకులూ వేయించిన శనగలూ బండ్ల మీద మా దగ్గరకు తోలించారు. వాటితోపాటు మిషన్ బడి పంతులమ్మ సువార్తమ్మగారు వచ్చారు. ఆవిడది ఆ లంకల్లో ఒక ఊరు. తల్లి ఒంటరిగా అక్కడే ఉంది. అంతా నీళ్లయిపోయిన చోట పైనుంచి ఊరు గుర్తుపట్టే మనిషి కావాలి గనక ఆవిణ్ణి మాతో రమ్మన్నాం.

కుర్చీలు ఊడదీయించాను. కింద పడ్డప్పుడు చిరిగి ఒలికిపోకుండా ఒక గోనెలో సగమే నింపి, దాన్ని ఇంకో పెద్ద గోనెలో పెట్టి కుట్టించాను. మిల్లు నుంచి కాటా తెప్పించి ప్రతి బస్తా తూచాను. మనుషుల్ని కూడా.

"మీరూ ఎక్కాలండీ," అన్నాను.

"నేనేమన్నా బస్తానా అండీ?" అంటూనే సువార్తమ్మగారు కాటా ఎక్కారు.

మోయగల బరువు నిండింది. నేల మీద ఇంకా బస్తాలు మిగిలే ఉన్నాయి. ఆవిడ లోపలికి తొంగి చూశారు.

"ఏవండీ, తలుపు దగ్గర బోలెడు చోటుంది కదా! ఇంకో రెండు పడతాయి."

"పడతాయండీ. కానీ విమానం లేవదు."

"అక్కడ పిల్లలు పస్తులున్నారండీ. మీరు కాటా చూసుకుంటూ కూర్చుంటే ఎలా?"

ఆ మాట గుచ్చుకుంది. అయినా మెత్తబడలేదు. "కావడి భుజం మీద నిలిచే చోటు ఒకటుంటుంది కదండీ, విమానానికీ అలాంటిదే ఒకటుంది. సెంటర్ ఆఫ్ గ్రావిటీ అంటాం. మా తలుపు తోక వైపుంది. అక్కడ బరువు పెరిగితే ముక్కు పైకి లేచి విమానం చెప్పిన మాట వినదు. మిగిలినవి రెండో విడతలో తీసుకెళ్తాం," అన్నాను.

ఎగరకముందే తలుపు ఊడదీసి పక్కన పెట్టేశాం. నా నడుముకు తాడు కట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నాను. ఆవిణ్ణి పైలట్ వెనక కూర్చోబెట్టాను. సగం బస్తాలు ముందు, సగం వెనక. వెనకవి ముందుగా వదలాలని నా లెక్క.

కిక్కిస పొదల తలలు మాత్రమే కనిపిస్తున్న నీళ్ల మీదుగా వెళ్లాం. ఆవిడ చెయ్యి చూపించిన చోట పైలట్ కిందికి దించి వేగం తగ్గించారు. మొదటి బస్తా దొర్లించాను. రెండోది అంచుకు లాగుతున్నాను. వెనక నుంచి ఎవరో నా భుజం మీద వాలారు.

"అమ్మ! అదుగో మా అమ్మ! ప్రార్థన మందిరం మెట్ల మీద!"

తోక వైపు ఇంకా బస్తాలున్నాయి, నేనున్నాను, ఇప్పుడు ఆవిడ కూడా. ముక్కు పైకి లేచింది. నా కాళ్ల కింద నేల వెనక్కి ఒరిగింది. రెక్కలు వణకడం మొదలుపెట్టాయి. రెక్క గాలి మీద పట్టు వదిలే ముందు అలాగే వణుకుతుంది. దాన్ని స్టాల్ అంటాం. మేం ఉన్న ఎత్తులో స్టాల్ అయితే తేరుకునే వ్యవధి ఉండదు. "ఫార్వర్డ్! ఫార్వర్డ్!" అని పైలట్ అరుస్తున్నారు.

బస్తా వదిలేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ముందుకు పదండి!"

"మా అమ్మండీ!"

"ముందుకు!"

ఆవిణ్ణి నెట్టుకుంటూ ఎగువకు పాకాను. ఇద్దరం పైలట్ కుర్చీ వెనక పడ్డాం. వణుకు ఆగింది. ముక్కు మెల్లగా దిగి, విమానం మళ్లీ చేతికి వచ్చింది. పైలట్ నుదుటి చెమట తుడుచుకోకుండానే చుట్టు తిప్పడం మొదలుపెట్టారు.

సువార్తమ్మగారు ఏడుస్తున్నారు. ప్రమాదం ఆవిడకు అర్థమైంది. అయినా చూపు తలుపు వైపే ఉంది. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను: "వెనక బస్తాలు పోతే తోక తేలికవుతుందండీ. ముందువి కదపను. అప్పుడు నేనే పిలుస్తాను. అప్పటిదాకా ఇక్కడే ఉండండి."

ఆవిడ తలూపి, పక్కనున్న ఇనుప కడ్డీ పట్టుకున్నారు. వెనక బస్తాలు వదిలేదాకా కదల్లేదు. చివరిది పోయాక పైలట్‌ను అడిగాను. ఆయన సరేనని చెయ్యెత్తారు.

"రండమ్మా," అని పిలిచాను.

ఆవిడ నడుము గట్టిగా పట్టుకున్నాను. కింద మోకాటి లోతు నీళ్లలో జనం బస్తాలు విప్పుతున్నారు. మెట్ల మీద ఒక ముసలావిడ కొంగు పట్టి అటుకులు పోయించుకుంటోంది. పిడికెడు నోట్లో వేసుకుని, తలెత్తి విమానం వైపు చెయ్యి ఊపింది. పైన ఉన్నది కూతురని ఆవిడకు తెలిసే దారి లేదు.

"తింటోందండీ," అన్నారు సువార్తమ్మగారు. నేను చెప్పకముందే వెళ్లి తన చోట కూర్చున్నారు. ముందు బస్తాలు పక్క లంకలో ఒక్కొక్కటిగా వదిలి, పొద్దు వాలేలోగా రెండో విడత కూడా పూర్తి చేశాం.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఇదే పనిలో ఉన్నాను. బరువు దగ్గర ఎవరి మొహమాటానికీ లొంగలేదు. కానీ ఎవరికైనా "కుదరదు" అని చెప్పాల్సి వస్తే, ఎప్పుడు కుదురుతుందో కూడా ఆ నోటితోనే చెబుతూ వచ్చాను. అది విన్న మనిషిని కట్టేయక్కర్లేదు. తనంతట తానే ఆగుతాడు.