మా నాయిన ఊపిరితిత్తులు

మూత తీయగానే గుప్పున వాసన కొట్టింది. నానబెట్టి మరిచిపోయిన శనగలు. పులిసీ పులియని, తడిమట్టిలాంటి ఆ వాసన తగిలేసరికి నేను హైదరాబాదులో నా వంటింట్లో గిన్నె పట్టుకుని నిలబడ్డానన్న సంగతే మరిచిపోయాను. ఎనభైల మొదట్లో దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లో, సిమెంటు స్టోరు పక్కన ప్లైవుడ్ గోడల గదిలో మేము ఉన్న రోజుల్లో, మా గుమ్మం ముందు ఎప్పుడూ ఒక పెయింటు బకెట్ నిండా శనగలు నానుతూ ఉండేవి. అవి మాకు కాదు. మా నాయిన శిష్యులకు.

నాయిన ఒక కట్టుబడి కంపెనీలో స్టోరుకీపరు. అది కంపెనీ లెక్క. క్యాంపు లెక్కలో మాత్రం ఆయన వస్తాద్, అంటే గురువు. జగిత్యాల పక్క మా ఊళ్లో చిన్నప్పుడే కుస్తీ తాలీంలో మట్టి రాసుకుని పెరిగిన మనిషి, ఎడారికి వచ్చినా ఆ పిచ్చి వదల్లేదు. శుక్రవారం సెలవు కదా, ఎండ ఎక్కకముందే కంకర కుప్పల వెనక ఇసుక చదును చేయించి, మన వైపు నుంచి వచ్చిన మేస్త్రీలు, కంబీ పనివాళ్లు, కూలీలు అందరిచేతా దండీలు, బైఠకులు తీయించేవాడు. అందరికీ ఆయన మీసమే. కొత్తగా వచ్చినవాడు మూడు నెలలు తిరిగేసరికి నాయినలాగే కొనలు మెలేసి కనిపించేవాడు.

ఆయన నోరు తెరిస్తే సూత్రాలే. నీళ్లు కూర్చుని తాగాలె, నిలబడి తాగితే మోకాళ్లు పోతయి. అన్నం సగం కడుపే తినాలె. పొద్దుగూకినాక గోడ దిక్కు చూసుకుంట ఇల్లు యాది చేసుకోవద్దు, పానం పాడైతది. మేనేజరు, అదే ముదీర్, పిలిస్తే తల దించి పోవద్దు, ఛాతి ఇచ్చి పోవాలె. ఎండాకాలం జేబులో ఉల్లిగడ్డ లేకుండా ఎవడూ సైటు మీదికి పోవద్దు. అన్నిటికన్నా పెద్దది, ఆయన మీసం దువ్వుకుంటూ చెప్పేది, "భయం యాడ ఉంటదో గాడికే ముందుగాల పోవాలెరా, అప్పుడు అదే పారిపోతది" అని. వీళ్లంతా "అవును వస్తాద్" అనేవాళ్లు. నాకైతే ఒళ్లంతా సిగ్గు. బడికి పోయే పికప్‌లో నా పక్కన కూర్చునే పిల్లల నాన్నలు టై కట్టుకుని ఆఫీసులకు పోయేవాళ్లు, మా నాయిన మాత్రం లంగోటా బిగించి ఇసుకలో పడుతూ లేస్తూ ఉండేవాడు, పైగా నా సంచిలో కూడా ఒక ఉల్లిగడ్డ వేసి పంపేవాడు.

ఆ శిష్యుల్లో పోశెట్టి మామది నాయిన తర్వాతి స్థానం. మా ఊరివాడే, అమ్మను అక్కా అనేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు. పెళ్లై ఏడాది కాకముందే నర్సవ్వ అత్తను ఊళ్లో వదిలి వచ్చాడు. నన్ను వీపు మీద కూర్చోబెట్టుకుని దండీలు తీసేవాడు. నేను లెక్క తప్పితే "ఇగ మళ్ల మొదటికెల్లి" అని నవ్వేవాడు, మళ్లీ తీసేవాడు. విరిగిన టైలు ముక్కలతో నాతో అష్టాచెమ్మా ఆడేవాడు, తొండి చేసి పట్టుబడేవాడు. దసరాకు బండి మాట్లాడి అందరూ ఇసుకదిబ్బల వైపు పోయి జమ్మి ఆకు తెచ్చేవాళ్లు. అక్కడివాళ్లు గాఫ్ అంటారు గానీ చెట్టు మన జమ్మే. అమ్మ గారెలు, బెల్లం మలీద చేసి పెద్ద తాంబాళంలో పెట్టేది. మామ అందరికన్నా ముందు వచ్చి నాయిన చేతిలో ఆకు పెట్టి కాళ్లు మొక్కేవాడు. గారెలు మాత్రం సగం కడుపు సూత్రం పక్కన పెట్టి తినేవాడు.

అలా ఉండగా నాయినకు దగ్గు పట్టుకుంది. పగలంతా సిమెంటు బస్తాల మధ్య ఉండే మనిషికి దగ్గు రాక ఏమొస్తుంది? కానీ సరిగ్గా అప్పుడే వీసా కొత్త చేయించే సమయం వచ్చింది. దానికి మెడికల్ కావాలి, ఛాతి ఫోటో తీస్తారు. ఊపిరితిత్తి మీద క్షయ మచ్చ కనబడితే ఖలాస్, విమానం ఎక్కించి పంపేస్తారని క్యాంపులో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. నాయిన ఉత్సాహం కరిగిపోయింది. అమ్మ మిరియాల కషాయం కాచింది, వామాకు దొరక్క వాము నమలమంది. దగ్గు తగ్గలేదు. నాయిన తువ్వాలు నోట్లో కుక్కుకుని దగ్గడం మొదలుపెట్టాడు. శిష్యులకు వినబడకూడదని.

ఆ రోజుల్లో మెడికల్‌కు కంపెనీ బస్సులో గుంపుగా తీసుకుపోయేవాళ్లు. గుమాస్తా చీటీ చూసి పేరు పిలిచేవాడు, లేచి వచ్చినవాడే ఆ పేరు గలవాడు. మొహం పోల్చుకునే ఓపిక ఎవరికి? నాయినకు ఆలోచన వచ్చింది. క్యాంపులో అందరికన్నా గట్టి ఛాతి ఎవరిది? పోశెట్టిది. మీసం ఒకటే, పొడుగు ఒకటే. పోయినేడు వీసా కొత్త చేయించినప్పుడు మామ మెడికల్ శుభ్రంగా దాటాడు కూడా.

"భయమున్న కాడికే ముందుగాల పోవాలె అంటివి గద, పో మరి" అంది అమ్మ. "చెప్పేటియి శ్రీరంగ నీతులు..." అని సామెత మొదలుపెట్టి, నన్ను చూసి సగంలో ఆపేసింది.

పోశెట్టి మామ సంతోషంగానే ఒప్పుకున్నాడు. "గిదేం పెద్ద పని వస్తాద్, ఊపిరి పీల్చి నిలబడుడే గద" అన్నాడు. నాయిన చీటీ జేబులో పెట్టుకుని, నాయిన పేరు పిలిస్తే లేచి, ఛాతి విరుచుకుని వెళ్లి నిలబడ్డాడు. వచ్చాక అమ్మ పెట్టిన అన్నం తిని, నాతో ఒక ఆట ఆడి పోయాడు.

వారం గడిచింది. ముదీర్ నాయినను ఆఫీసుకు పిలిచాడు. తిరిగి వచ్చిన నాయిన చెప్పులు విడవకుండానే మంచం మీద కూలబడ్డాడు. "మచ్చ ఉందంట. ఖలాస్, పంపిస్తరంట" అన్నాడు. అమ్మ ఏడుపు అందుకుంది. "ఏడ్వకే" అన్నాడాయన, "అది నా ఛాతి కాదు గద."

అప్పుడు అమ్మ ఏడుపు ఆగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే. నాకు కూడా అర్థమైంది. నన్ను వీపు మీద మోసిన మనిషికి జబ్బు.

ఆ శుక్రవారం మామను పిలిచి నాయిన ఉన్నది చెప్పాడు. మామ ముందు నవ్వాడు. "కాయితం మీద నీ పేరే ఉన్నది వస్తాద్. నాకేముంటది? దగ్గా, దమ్మా?"

"పేరు నాదిరా. ఫోటో నీది. నాతో పాటు ఇంటికి రా, మందులు తింటే తక్కువైతది."

మామ మొహం మెల్లగా తెల్లబడింది. వంగి నాయిన రెండు కాళ్లూ పట్టుకున్నాడు. "ఊళ్లె ఇంటికి గోడలే లేసినయి వస్తాద్, కప్పు పడలే. కప్పు పడంగనే వచ్చేస్త. ఎవ్వలకు చెప్పకు, నీ కాళ్లు మొక్కుత."

మామ వెళ్లాక అమ్మ ఒకటే పట్టు. ముదీర్ దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పమంది. "చెప్తే నన్ను జైల్ల పెడ్తరే" అన్నాడు నాయిన. "వాడు బతుకుతడు గద" అంది అమ్మ. నాయిన మామ బతిమాలాడన్నాడు, మాట ఇచ్చానన్నాడు, వాడి కడుపు కొట్టలేనన్నాడు. అన్నీ నిజమే కావచ్చు. కానీ ఆఫీసు మా గదికి ఎదురుగానే ఉంది. పోలేదు. ఒక్కటే గదిలో ఒకరి మీద ఒకరుగా వేసిన మంచాల్లో మామతో పాటు పడుకునేవాళ్లు కూడా మన ఊళ్ల పిల్లలేనన్న సంగతి కూడా ఆయనను కదపలేదు. విమానం ఎక్కేముందు శిష్యులంతా వచ్చి, పాపం వస్తాద్‌కు ఇంత రోగమా అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాయిన ఆ ఓదార్పంతా పుచ్చుకున్నాడు. ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది.

కరీంనగర్‌లో డాక్టరు మళ్లీ ఫోటో తీసి, "ఎవరయ్యా నీకు జబ్బన్నది? ఇంత మంచి ఊపిరితిత్తులు నేను చూడలేదు" అన్నాడు. దుమ్ము లేకపోయేసరికి దగ్గు కూడా దానంతటదే పోయింది. నాయిన ఆ ఫోటో చుట్టచుట్టి పట్టుకుని, బస్టాండు దాకా నడిచాడు. దుబాయ్ పోయే ప్రతి మనిషితోనూ పోశెట్టిని వచ్చేయమని కబురు పంపాడు. కప్పు పడ్డాక మామ వచ్చాడు. దర్వాజాకు ఒక భుజం కూడా ఆననంత సన్నగా అయిపోయాడు. నాయిన రోజూ పాలు, గుడ్లు మోసుకుపోయాడు, సైకిల్ మీద కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి తిప్పాడు. ఆ వానాకాలం దాటలేదు మామ. నాయిన పేరు మీద ఫోటో తీయించుకున్న సంగతి భార్యకు కూడా చెప్పకుండానే పోయాడు.

ఇక ఊరు ఏమనుకుందో వినండి. వస్తాద్ దుబాయ్ నుంచి ఛాతిలో మచ్చతో వచ్చాడు, మందు గోలీ మింగలేదు, దండీలు తీసి, శనగలు తిని రోగాన్ని తరిమేశాడు! ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేవాళ్లు, చిట్కా చెప్పమని. "నాకేం తెల్వదు, పోండ్రి" అని నాయిన గోడ వైపు తిరిగి పడుకునేవాడు. తిరిగొచ్చాక ఒక్క దండీ తీయలేదు, ఒక్క సూత్రం చెప్పలేదు. ఊరు మాత్రం తలుపేసుకుని చేస్తున్నాడనే అనుకుంది. ఎనభై దాటే దాకా ఒక్కనాడు జలుబు కూడా చేయలేదు ఆయనకు. ఆరోగ్యంగా ఉన్నందుకు అంతగా సిగ్గుపడ్డ మనిషిని నేను మరొకరిని చూడలేదు.

కంకర కుప్పల వెనక మేము చదును చేసిన ఇసుక ఇప్పుడు ఏదో గోదాము కింద ఉంటుంది. తాలీం లేదు, ఆ మీసాలు లేవు, అమ్మ లేదు. పోయిన నెల నాయిన సంవత్సరీకానికి ఊరికి వెళ్తే, యువజన సంఘం పిల్లలు పందిరి ముందు ఆయన పాత ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. రోగాన్ని ఓడించిన వస్తాద్ అని దాని మీద రాశారు. ధైర్యంగా, ఆరోగ్యంగా ఎలా బతకాలో మీ నాయిన చెప్పినవి నాలుగు మాటలు చెప్పమని మైకు నా ముందు పెట్టారు. గొంతు బాగాలేదని తప్పించుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాను.

నర్సవ్వ అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపు ఫ్లెక్సీ వైపు చూసింది. నా చేయి తన చేతిలోకి తీసుకుంది. కోపం లేదు ఆ మొహంలో, అడగాలని ఎన్నో ఏళ్లు దాచుకున్నట్టు మెల్లగా అడిగింది.

"మీ నాయిన తన రోగం తక్కువ చేసుకున్నడు గద బిడ్డా. మరి ఆ చిట్కా ఏందో మా ఆయనకెందుకు చెప్పకపాయె?"

నాకు జవాబు తెలుసు. పందిట్లో విస్తర్లు వేస్తున్నారు.

"బువ్వ తిందువు గాని లే అత్తమ్మా" అన్నాను.