వీధివైపు ఆరేసిన బొంతలు

మా అత్తయ్యకు ఉన్న పిచ్చి ఒక్కటే. ఎవరో కప్పుకుని వదిలేసిన బొంత గానీ, ఎవరో తిని ఖాళీ చేసిన, బొమ్మలున్న బిస్కెట్ల డబ్బా గానీ పాత సామాన్ల బజారులో కంటపడితే ఇంటికి తెచ్చేస్తుంది. తెచ్చినదాన్ని వాడుకుంటుందా అంటే అదీ లేదు. వీధిలో పోయేవాళ్లకు చూపిస్తుంది.

ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను కొన్నేళ్లు వాళ్లింట్లోనే ఉన్నాను. పైన ఇల్లు, కింద మావయ్య కళ్లజోళ్ల కొట్టు. బొంతలు పట్టడానికని అత్తయ్య మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టించింది. బొంతలు పెరిగినకొద్దీ ఇటుకలూ పెరిగాయి. చివరికి పడుకోవాలంటే మావయ్య కొట్లోంచి స్టూలు తెచ్చుకోవాల్సి వచ్చింది. నిద్రలో దొర్లి పడితే తన గతేమిటని ఆయన అడిగాడు.

"పక్కన కూడా రెండు బొంతలు పరిచానుగా," అంది అత్తయ్య.

డబ్బాలు వీధి కిటికీలో ఉండేవి. బిస్కెట్ల డబ్బాలు, టీపొడి డబ్బాలు, చాక్లెట్ల డబ్బాలు. వాటి మీద గులాబీలు, ఓడలు, గొడుగు పట్టుకున్న అమ్మాయిలు. మెత్తటి గుడ్డకు చుక్క నూనె అద్ది ఒక్కొక్కటీ తుడిచి, బొమ్మ వీధివైపు ఉండేలా పేర్చేది. ఇంట్లోవాళ్లకు కనిపించేది వెనక రేకు మాత్రమే. కిటికీ నిండిపోవడంతో పట్టపగలు లైటు వేసుకుని కూర్చునేవాళ్లం. ఇలాంటి వెలుతురులో చదవొద్దని ఊరందరికీ చెప్పే మావయ్య, ఆ వెలుతురులోనే పేపరు చదివేవాడు.

అప్పుడప్పుడు కిటికీలో ఒక డబ్బా తగ్గేది. ఎవరు పట్టుకుపోయారని అడిగితే అత్తయ్య విననట్టు వంటింట్లోకి వెళ్లిపోయేది. మావయ్య మాత్రం ఆ దొంగ పిల్లాపాపలతో చల్లగా ఉండాలని కోరుకునేవాడు.

అసలు గొడవంతా ఆదివారాలు. మా ఇంటికి రెండు వరండాలు. వెనక వరండాలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ. ముందు వరండాలో నీడ, దుమ్ము, బస్సుల పొగ. అత్తయ్య బొంతలు ముందు వరండా పిట్టగోడ మీదే ఆరేసేది. ఉతికిన బొంత తడి ఆరడానికి వారం పట్టేది. ఆరేసరికి దుమ్ము పట్టి మళ్లీ ఉతుకుడు.

"వెనక అంత ఎండ పెట్టుకుని ఇక్కడెందుకోయ్?" అనేవాడు మావయ్య.

"అక్కడ ఎవరున్నారండీ?"

"బొంత ఆరడానికి మనుషులెందుకు?"

"ఒంటరిగా దానికి తోచొద్దూ."

ఈ నాలుగు ముక్కలూ నేను ప్రతి ఆదివారం విన్నాను. ఒక్కో వారం మావయ్య జలుబు చేసి పడుకుంటే, ఆయన మాటలు కూడా అత్తయ్యే అనేసుకుని జవాబు చెప్పుకునేది.

ఇలా ఉండగా ఇంటి ఓనరు ఆ మేడ పడగొట్టి కొత్తది కట్టుకుంటానన్నాడు. మావయ్య రెండు గదుల ఫ్లాటు ఒకటి చూశాడు. వెనకవైపు, నిశ్శబ్దంగా, కావలసినంత ఎండతో ఉంది. బొంతలకు గానీ డబ్బాలకు గానీ అందులో చోటు లేదు. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతులో విచారం ఎక్కడా వినిపించలేదు. సరుకంతా తీసుకోవడానికి ఒక హోటలాయనను కూడా ఆయనే వెతికి తెచ్చాడు.

హోటలాయన అన్నీ చూసి ముచ్చటపడ్డాడు. అత్తయ్య ఆయనకు టీ ఇచ్చి, వీటిని ఎవరు కప్పుకుంటారని అడిగింది. ఎవరూ కప్పుకోరని, అద్దాలు బిగించి గదుల్లో గోడలకు తగిలిస్తామని ఆయన గొప్పగా చెప్పాడు. అత్తయ్య ముఖం చిన్నబోయింది. మావయ్య మాట ఇచ్చేశాడు. సోమవారం వ్యాను వస్తుంది.

మర్నాడు అత్తయ్య ఒకటి అడిగింది. "ఈ ఒక్క ఆదివారం అన్నీ ఒకేసారి ఆరేసుకుంటానండీ."

మావయ్య కరిగిపోయి తనే సాయం పట్టాడు. పిట్టగోడ చాలక మెట్ల కమ్మీ మీద, అదీ చాలక కొట్టు బోర్డు మీద పరిచాం. కళ్లజోడు బొమ్మ మాయమైంది. ఇల్లే బొంత కప్పుకుని పడుకున్నట్టు ఉంది.

మా ఇంటి ముందు స్టాపు లేదు. అయినా పదకొండింటికి సిటీ బస్సు ఒకటి కీచుమంటూ ఆగింది. జనాన్ని అలాగే వదిలేసి డ్రైవరు దిగి మెట్లెక్కి వచ్చాడు. గుమ్మం నిండా ఉన్నాడు మనిషి.

"అమ్మా, ఆ చివరి బొంత ఒకసారి చూడొచ్చా?"

అత్తయ్య తల ఊపింది. ఆయన అంచు తిరగేసి, మూలన ఉన్న నీలం ముక్క మీద చెయ్యి ఆనించాడు.

"ఇది నా నిక్కరు."

మావయ్య ఆ ముక్కను చూశాడు. ఆ మనిషిని చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

నీలం ముక్కకు జేబు అలాగే ఉంది. డ్రైవరు అందులో రెండు వేళ్లు దూర్చాడు. అంతకంటే పట్టలేదు. చిన్నప్పుడు చలికి ఆ జేబులో చెయ్యి పెట్టుకుని పడుకునేవాణ్నని, అందుకే అమ్మ దాన్ని మూసి కుట్టలేదని చెప్పాడు. ఆవిడ పోయాక అన్నదమ్ములు ఇల్లు ఖాళీ చేసి, తొందరలో అంతా పాత సామాన్లవాడికి ఇచ్చేశారట. వారం తిరక్కుండా వెళ్లి అడిగితే అమ్ముడైపోయిందన్నాడట.

"ఆ జేబు ఎవరిదోనని చూస్తూనే ఉన్నాను," అంది అత్తయ్య. "ఇన్నాళ్లు పట్టిందేం నాయనా?"

"ఈ రూటు నాకు నిన్ననే వేశారమ్మా."

కింద బస్సులో జనం అరుస్తున్నారు. డ్రైవరును పిలవడానికి వచ్చిన కండక్టరు, తనదేమైనా దొరుకుతుందేమోనని బొంతలు తిరగేయడం మొదలుపెట్టాడు. ఇద్దరినీ పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. డ్రైవరు బొంతను ఒళ్లో పెట్టుకునే బస్సు నడిపాడు.

మావయ్య పిట్టగోడ దగ్గర్నుంచి కిటికీ వైపు తిరిగాడు.

"అయితే ఆ మాయమైన డబ్బాలు..."

"ఎవరివి వాళ్లు గుర్తుపట్టి అడిగారు. ఇచ్చాను. అమ్ముకున్నవాళ్లు వారం తర్వాత బజారుకొచ్చి వెతుక్కుంటారండీ. అప్పటికి సరుకుండదు. వాళ్ల ముఖాలు చూడలేక తెచ్చిపెట్టుకున్నాను."

"నాతో అనొచ్చుగా. వెనకవైపు, వెనకవైపు అని ఇన్నేళ్లు నీ ప్రాణం తీశాను."

"వెనకవైపు బస్సులు రావు కదండీ," అంది అత్తయ్య, అంత తేలిక విషయం ఆయనకు తట్టనందుకు జాలిపడుతూ.

సోమవారం వ్యాను వట్టిదే వెనక్కి వెళ్లింది. ఈ బొంతలకు వేరే పని ఉందని హోటలాయనకు మావయ్యే చెప్పాడు. ఎండ ఫ్లాటూ వద్దన్నాడు. బస్టాపుకు సరిగ్గా ఎదురుగా, పొగా హారన్ల మధ్య, ఎవరూ తీసుకోని మొదటి అంతస్తు ఇల్లు తీసుకున్నాడు. మంచం కింద ఇంకో వరస ఇటుకలు పడ్డాయి.

మొన్న ఆదివారం వెళ్లాను. అత్తయ్య లోపల డబ్బాలు తుడుచుకుంటోంది. వరసలుగా బొంతలు ఆరేసిన బాల్కనీలో మావయ్య, కొట్లో కళ్లు పరీక్షించేటప్పుడు అక్షరాల చార్టు మీద చూపించే బెత్తం చేతిలో పట్టుకుని, బస్సు కోసం నిలబడ్డ ఒక పెద్దమనిషిని కేకేస్తున్నాడు.

"పై వరస కనిపిస్తోందా అండీ? ఆ పసుపు గళ్ల ముక్క? మీ ఇంట్లో ఎవరిదీ కాదుగా? పోనీ, కింది వరస చూడండి. తొందరేం లేదు."

ఆ పెద్దమనిషి తన బస్సు వచ్చినా ఎక్కలేదు. ఒక కన్ను మూసుకుని కింది వరస చూస్తున్నాడు.