చిట్టెలుక గాజుపెట్టె, నా శుక్రవారాలు

మా అమ్మాయి మొదట కుక్క కావాలంది. కుదరదన్నాం. పిల్లి అంది. ఇంటి ఓనరు ఒప్పుకోడన్నాం. చివరికి బేరం హామ్‌స్టర్ దగ్గర తెగింది. అరచేతిలో పట్టే చిట్టెలుక, దానికేం పెద్ద ఏర్పాట్లు కావాలి, ఒక చిన్న పంజరం కొని మూల పడేస్తే సరి అనుకున్నాను. అప్పటికి జర్మనీలోని గార్చింగ్‌లో మా కాపురానికి ఆరేళ్ళు. ఆరేళ్ళున్నా ఈ దేశం గురించి నాకేమీ తెలియదని ఆ చిట్టెలుక వచ్చాకే తెలిసింది.

దుకాణంలో కొనొద్దు, దిక్కులేని జంతువుల్ని చూసుకునే టీర్‌హైమ్ నుంచి తెచ్చుకుందాం అన్నది మా ఆయన ఆలోచన. దానికొక ఫారం. ఫారం తర్వాత టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు. టెర్మిన్ తర్వాత మా ఇల్లు చూడటానికి వాళ్ళ మనిషి వస్తుందట. నా పెళ్ళిచూపులకి కూడా ఎవరూ ఇంత తరిచి అడగలేదు. వచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. పొట్టి తెల్లజుట్టు, చేతిలో కొలతల టేపు. పంజరం వద్దు, గాజుదే కావాలి అంది. కనీసం మీటరు పొడవుండాలి. అడుగున జానెడుకి పైగా చెక్కపొట్టు పొయ్యాలి, అది సొరంగాలు తవ్వుకోవాలి కదా. పైన జాలీ మూత ఉండాలి, గాలి ఆడాలి కదా. అన్నిటికీ తల ఊపాను.

తర్వాత ఆ పెట్టె ఎక్కడ పెట్టాలనే విచారణ. కిటికీ దగ్గర వద్దు, ఎండ పడితే గాజు వేడెక్కి లోపలున్నది ఉడికిపోతుంది. హీటరు పక్కన వద్దు. టీవీ పక్కన చప్పుడు. పిల్ల గదిలో పెడితే అది రాత్రంతా తిరుగుతుంది, పిల్లకి నిద్ర ఉండదు. ఇవన్నీ పోగా మా హాల్లో మిగిలింది ఒక్క గోడ. ఆ గోడకి నా దేవుడి అర ఉంది. "ఇక్కడ చాలా బాగుంది" అంటూ ఆవిడ సరిగ్గా దాని కిందే టేపు పరిచింది. అర మీద అగరొత్తుల పెట్టె చూసి, ఆ పొగ దానికి పడదంది. మర్నాటి నుంచి నా దేవుళ్ళకి దీపం హాల్లో, అగరొత్తులు బాల్కనీలో.

ఎవరో చేపల్ని పెంచి పెంచి విసుగొచ్చి వదిలించుకుంటున్న పాత ఆక్వేరియం ఒకటి మా ఆయన సంపాదించాడు. లిఫ్టు లేని మూడంతస్తులు ఇద్దరం చెరో చివర పట్టుకుని మోశాం. ప్రతి మెట్టుకీ "మెల్లగా, మెల్లగా" అని ఆయన నాకు చెప్పడమే గానీ, గోడకి గుద్దుకుంటున్నది ఆయన చివరే. వారం తర్వాత గోధుమరంగు ముద్దలాంటి ఆ ప్రాణి వచ్చింది. మా అమ్మాయి దానికేదో జర్మన్ పేరు పెట్టింది. నాకు నోరు తిరగలేదు, "ఇది" అంటే సరిపోయేది.

గాజుతో వచ్చిన చిక్కు ఏమిటంటే అన్నీ కనిపిస్తాయి. అది సొరంగాన్ని సరిగ్గా గాజుని ఆనుకునే తవ్వింది. అందులో ఒక గది దాని కొట్టు. పొద్దుతిరుగుడు గింజలు, మనం పెట్టిన శనగలు, వడిలిపోయి నల్లబడ్డ దోసకాయ ముక్క, మొలకలొచ్చిన గింజలు. ఇంకో మూల దాని మరుగుదొడ్డి, తడిసి ముద్దయిన పొట్టు. ఇదంతా నా దేవుడి కాళ్ళ కింద, షోకేసులో పెట్టినట్టు. ఇంటికొచ్చినవాళ్ళు దీపానికి దణ్ణం పెట్టి, తల దించగానే ఆ దోసకాయ ముక్కని చూస్తారు.

మా ఇంట్లో శుక్రవారం అంటే శుక్రవారమే. మా అమ్మ చేసింది, నేను చేస్తున్నాను. ఇల్లంతా తుడిచి, తలంటుకుని, దీపం పెట్టాకే మిగతా పనులు. అదృష్టం కొద్దీ శుక్రవారం నాకు హోమాఫీస్, ఇంటి నుంచే ఉద్యోగం కూడానూ. అంతా తుడిచి ఆ ఒక్క పెట్టె వదిలేయాలంటే నా చేతులు ఊరుకోలేదు. మొదటి శుక్రవారమే ఆ ప్రాణిని చిన్న డబ్బాలోకి మార్చి, పొట్టంతా సంచిలోకి ఎత్తి, వెనిగర్ నీళ్ళతో గాజు నాలుగు పక్కలా తుడిచి, ఆరబెట్టి, కొత్త పొట్టు పోశాను. తళతళలాడింది. నా ఇల్లు ఎవరైనా ఇలా కడిగిపెడితే వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టేదాన్ని.

మా అమ్మాయి బడి నుంచి వచ్చి, బ్యాగు దించకుండానే అరిచింది. కాదు, వద్దు అనడానికి దానికి జర్మన్ 'నైన్' అలవాటు.

"అమ్మా, నైన్! దాని రూమ్ ఏది? దాని ఫుడ్ అంతా ఏది?"

"కుళ్ళిపోయిందే. పారేశాను. కొత్తవి పెట్టాను చూడు, గిన్నెనిండా."

"అవి నువ్వు పెట్టినవి. అది దాచుకున్నవి కావు."

తొమ్మిదేళ్ళకే ఇంత లాయరు బుద్ధి ఎక్కడిదో! నేను పట్టించుకోలేదు. ఆ తర్వాతి శుక్రవారమూ కడిగాను, ఆపై వారమూ కడిగాను. అది మళ్ళీ తవ్వేది, మళ్ళీ దాచేది, నేను మళ్ళీ ఎత్తిపోసేదాన్ని. ఓ రోజు పిల్ల గాజు మీద కాగితం అంటించింది, శుభ్రం చేయొద్దని జర్మన్‌లో పెద్దక్షరాలతో రాసి. ఆ కాగితం తీసి, గాజు తుడిచి, మళ్ళీ అక్కడే అంటించాను.

కొన్ని వారాలకి అది పగటిపూట కూడా నిద్రపోవడం మానేసింది. పొడవాటి గాజు వెంబడే అటూ ఇటూ పరుగు. మూలకి రాగానే నిటారుగా లేచి ముందు కాళ్ళతో గాజుని గీకడం. మీటింగులో ఉంటే నా వెనక ఒకటే గరగర. వ్యాయామం చేస్తోందనుకున్నాను. మా ఆయన ఫోన్లో ఏవేవో చదివి తేల్చాడు.

"అది భయంతో చేస్తోందట. నువ్వు కాస్త కడగడం తగ్గించు."

"మీరు ఈ ఇంట్లో ఏదో ఒకటి కడగడం మొదలుపెట్టండి, నేను తగ్గిస్తాను" అన్నాను.

రెండున్నర నెలలకి టీర్‌హైమ్ ఆవిడ మళ్ళీ వస్తున్నానని రాసింది. సరిగ్గా చూసుకోకపోతే జంతువుని వెనక్కి తీసుకుంటామని మేం సంతకం పెట్టిన కాగితంలోనే ఉందట, మా అమ్మాయి గుర్తుచేసింది. పిల్లకి ఆ వారమంతా తిండి సహించలేదు. ఆవిడ వస్తానన్నది శుక్రవారం నాలుగింటికి. ఇంకేం, ఆ రోజు మరీ శ్రద్ధగా కడిగాను.

ఆవిడ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూసింది. చిట్టెలుక ఆగకుండా గాజు వెంబడి పరుగెడుతోంది, మూలల్లో గీకుతోంది. ఆవిడ జాలీ మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, వెనిగరా అని అడిగింది. దీనికి కళ్ళు సరిగ్గా కనిపించవు, ఇంటిని వాసనతోనే గుర్తుపడుతుంది, కడిగిన ప్రతిసారీ ఇది ఊరుకాని ఊళ్ళో, ఉత్త చేతులతో నిలబడ్డట్టే అంది. అప్పుడు నా వైపు చూసింది.

"పెద్దవాళ్ళు ఇలా చేస్తే మేం అదే రోజు తీసుకెళ్ళిపోతాం. ఎవరు కడుగుతున్నారు?"

టీ ట్రే పట్టుకుని నిలబడ్డాను. నా నోరు తెరుచుకునేలోపే మా అమ్మాయి జర్మన్‌లో "నేనే" అంది. ముద్దుగా ఉంటుందని కడిగాను, దానికి బాధని నాకు తెలియలేదు అంది. తడబాటు లేదు. ఇన్ని వారాలు నాతో యుద్ధం చేసిన పిల్ల! ఆవిడ పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని, నెమ్మదిగానే అయినా గట్టిగానే మందలించింది. నా జర్మన్ అంతంతమాత్రం. ఆ రోజు మాత్రం ఒక్క మాట పొల్లుపోకుండా అర్థమైంది. ఆ చీవాట్లన్నీ నావి. అవన్నీ పిల్ల తల వంచుకుని తింటోంటే నేను టీ చల్లారబెడుతూ నిలబడ్డాను. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

ఆవిడ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే వెనకే వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి చెప్పాను. పిల్ల కాదు, నేను. ప్రతి శుక్రవారం.

"తెలుసు" అంది ఆవిడ లేసులు కట్టుకుంటూనే. అంత పెట్టె ఖాళీ చేయడం చిన్నపిల్ల వల్ల అయ్యే పని కాదు. తడిసిన మూల మాత్రం చెంచాతో తీయండి, మిగతాది ముట్టుకోవద్దు, నాలుగు వారాల్లో మళ్ళీ వస్తాను, అప్పటికీ ఇలాగే పరుగెడుతుంటే తీసుకెళ్తాను అంది.

ఆ నాలుగు శుక్రవారాలు నేను పడ్డ అవస్థ పగవాళ్ళకి కూడా వద్దు. తల తుడుచుకుంటూ దీపం ముందు నిలబడితే కింద దోసకాయ ముక్క రోజురోజుకీ నల్లబడుతూ కనబడేది. గుడ్డ పట్టుకుని రెండుసార్లు పెట్టె దాకా వెళ్ళి, పళ్ళు నూరుకుంటూ వెనక్కొచ్చాను. మూడో వారం నుంచి గరగర తగ్గింది. ఆవిడ వచ్చేసరికి అది తన కొట్టు పక్కనే ముడుచుకుని పట్టపగలు ఆదమరచి నిద్రపోతోంది. ఆవిడ నోటి మీద వేలుంచుకుని, చప్పుడు కాకుండా కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయింది. మా అమ్మాయి హాల్లో గంతులేసింది.

ఆ సాయంత్రం పిల్ల పక్కన కూర్చుని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"నా కోసం అన్ని చీవాట్లు ఎందుకు తిన్నావే? నేనే చెప్పుకునేదాన్ని కదా."

"నీ కోసమా?" అంది నిజంగానే ఆశ్చర్యపోతూ. "నైన్. నువ్వని తెలిస్తే దీన్ని తీసుకెళ్ళిపోతారు. నువ్వైతే ఎవరెంత తిట్టినా ఇక్కడే ఉంటావు కదా."

నా వైపు చూడను కూడా లేదు. జాలీ మూత ఎత్తి లోపలికి గింజలు వేస్తోంది.